ఫ్రెంచి ఒపేరాకు వన్స్‌మోర్

మేము దేశం వదిలి నోవై అనే ఊరికి వచ్చిన కొత్తలో, డెబ్బైల చివర్లో, చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపినా తెలుగువాళ్ళం ఒక స్కూలు కాఫెటీరియాలో సగం కూడా నిండేవాళ్ళం కాదు. ఉగాదికీ దీపావళికీ ఆ కాఫెటీరియా అద్దెకు తీసుకునేవాళ్ళం. తలా ఒక పని ఉండేది. ఒకావిడ పులిహోర, ఒకాయన మైకు, ఇంకొకాయన ఉపన్యాసం. నేను ప్రార్థనాగీతం. "మీరొక్క రెండు నిమిషాలు పాడెయ్యండి, ఈలోగా అందరూ సర్దుకుంటారు" అనేవారు కార్యదర్శిగారు. నిజంగానే సర్దుకునేవారు. నేను కళ్ళు మూసుకుని రాగం అందుకునేసరికి కుర్చీలు ఈడ్చే చప్పుడు, పిల్లల కోట్ల జిప్పులు లాగే చప్పుడు, "ఇటు రండి, ఇక్కడ ఖాళీ ఉంది" అనే పిలుపులు. కళ్ళు తెరిచేసరికి కార్యదర్శిగారు మైకు కోసం చెయ్యి చాచి నిలబడి ఉండేవారు.

పరికిణీ కట్టిన నాటి నుంచి పెళ్ళయ్యేదాకా తెనాలిలో ఒకే గురువుగారి ముందు కూర్చుని నేర్చుకున్న సంగీతం, సముద్రాలు దాటొచ్చి, జనం కుర్చీలు సర్దుకోవడానికి పనికొచ్చింది. నాకు ఒళ్ళు మండేది. మండినా పాడేదాన్ని. అదీ మానేస్తే ఇక మిగిలేదేమీ లేదు. "వంటింట్లో పాడుకోవచ్చు కదా" అనేవారు మావారు. వంటింట్లో పోపు కూడా చప్పుడు చేస్తుంది. నాకు కావలసింది ఎవరైనా ఒక గంటసేపు కదలకుండా కూర్చుని సంగీతం వినడం, అదీ నా మూలంగా వినడం. అది నేను పాడిందే కానక్కర్లేదని నాకు అప్పటికే అర్థమైంది.

మా ఇంటికి అరగంట దూరంలో ఒక కాలేజీ ఉండేది. అక్కడ సాయంత్రాలు ఊళ్ళోవాళ్ళకు పాశ్చాత్య సంగీతం గురించి పాఠాలు చెప్పేవారు. మావారు కార్ల బ్రేకులు డిజైన్ చేసే ఇంజనీరు. ఆయన ఇంటికి రాగానే కారు తాళాలు నా చేతికొచ్చేవి. అలా వెళ్ళి క్లాసులో చేరాను. పాఠం చెప్పే ప్రొఫెసర్‌గారు సన్నగా, పొడుగ్గా, కాస్త వంగిన మనిషి. రికార్డు వినిపించాక ఎవరైనా కాదంటారేమో అని ఆశగా క్లాసంతా కలియజూసేవారు. మిగతావాళ్ళు మర్యాదగా తలలూపేవారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు నేను మాత్రం చెయ్యెత్తి, ఇందులో ఫలానాది నాకు ఎక్కలేదు అనేదాన్ని. ఆయన ముఖం వెలిగిపోయేది.

కాలేజీకి సొంత రేడియో స్టేషన్ ఉండేది. ఆదివారం మధ్యాహ్నం ఒక గంట, కొత్తగా వచ్చిన రికార్డు ఒకటి తీసుకుని, అందులో కొన్ని భాగాలు వినిపిస్తూ, అది బాగుందా లేదా, బాగుంటే ఎందువల్ల అని ఒకాయన చెప్పేవాడు. ఆయనకు వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. ప్రొఫెసర్‌గారు క్లాసు అయ్యాక నన్ను ఆపి, ఆ గంట మీరు చేస్తారా అని అడిగారు. నేను ఆలోచించి చెబుతానని కూడా అనలేదు.

అయితే స్టేషన్ నడిపేది ఆయన కాదు. ఆ కాలేజీలోనే చదివే ఒకమ్మాయి. చేతికి పెద్ద మగవాచీ పెట్టుకుని, మాట్లాడుతున్నంతసేపూ దాన్నే చూసేది. ముక్కుసూటి మనిషి. "మీ యాక్సెంట్ మా లిజనర్స్‌కి కష్టమవుతుందేమో. ఒక్క ఆదివారం ట్రై చేద్దాం. కంప్లెయింట్ కాల్స్ వస్తే మాత్రం సారీ" అంది. అందులో వెటకారం లేదు. మిగతావాళ్ళు మనసులో అనుకునేది ఆ పిల్ల పైకి అంది, అంతే. ఒక్క ఆదివారం. అది నెగ్గితే ఆ గంట నాది. నెగ్గకపోతే మళ్ళీ ప్రార్థనాగీతం.

ప్రొఫెసర్‌గారు నా చేతిలో పెట్టిన రికార్డు చూసి గుండె జారింది. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి ఒపేరా. అట్టపెట్టెలో మూడు పెద్ద రికార్డులు, ఒక చిన్న పుస్తకం. రాజుల కాలపు వాయిద్యాలు వెతికి పట్టుకుని, వాటి మీదే వాయించారట. "ఇది వెంటనే ఎవరికీ నచ్చదు. అందుకే మీకిస్తున్నాను" అన్నారాయన. అది పొగడ్తో శిక్షో తెలియలేదు.

ఆ చలికాలం మా అత్తయ్య మా దగ్గరే ఉన్నారు. ఆర్నెల్లుండి వెళదామని వచ్చారు. మంచు చూసి మొదటి రోజు ముచ్చటపడ్డారు, రెండో రోజు నుంచి దాని మొహం చూడలేదు. కింద బేస్‌మెంట్‌లో మావారి రికార్డ్ ప్లేయర్ ఉండేది. దాని పక్కన కుర్చీ వేసుకుని, పళ్ళెంలో దూది పెట్టుకుని వత్తులు చేసుకునేవారు. ఆవిడ పుట్టిల్లు కూడా తెనాలే, నాటకాల షెడ్డుకు వెనక వీధి. చిన్నప్పుడు ఆ షెడ్డు గోడకున్న కన్నంలోంచి ఆవిడ చూడని నాటకం లేదు. సంగీతం నేర్చుకోలేదు గానీ, పద్యం ఎక్కడ పండిందో, ఎక్కడ తేలిపోయిందో ఆవిడకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

మొదటిసారి ఇద్దరం కలిసి విన్నాం. కథ నేను పుస్తకం చూసి చెబుతూ వచ్చాను. ఒక రాజకుమారి, ఆవిడ ప్రేమించిన కుర్రాడు. సముద్ర దేవుడికి కోపం వచ్చి ఆ కుర్రాణ్ణి బలి అడుగుతాడు. ఓడలో నడి సముద్రానికి తీసుకెళ్ళి ఇవ్వాలి. గాలి అనుకూలంగా లేదు గనుక ఓడ రేవులో ఆగి ఉంది. సముద్రం నెమ్మదిస్తే బయల్దేరుతుంది.

"ఇంతకీ ఈ పాడేది ఆడవేషమా?" అని అడిగారు అత్తయ్య, కుర్రాడి గొంతు విని. అది మగ గొంతే గానీ చాలా పై స్థాయిలో, తేలిగ్గా, తేటగా ఉంది.

"కాదత్తయ్యా, హీరోయే. ఆ రోజుల్లో వాళ్ళకు హీరో గొంతు అలాగే ఉండాలట."

"ఉంటే ఏం, బాగానే ఉంది" అని దూది తుంచుకున్నారు. మగవాళ్ళు ఆడవేషాలు కట్టి ఊళ్ళను ఏడిపించడం చూసిన మనిషికి ఇదొక వింత కాదు.

కానీ మిగతాదేదీ మాకు ఎక్కలేదు. ఒపేరా అంటే గుండెల నిండా ఊపిరి తీసుకుని, గొంతు చించుకుని పాడతారని నేను అనుకున్నాను. ఇదేమో మాట్లాడుతున్నట్టే పాడుతున్నారు. పాట అందుకుందని మేము సర్దుకుని కూర్చునేలోపు అయిపోతోంది. మన నాటకంలో పద్యం మాటలు అయ్యాక గదా అసలు సంగతి. చివరి మాట పట్టుకుని నటుడు రాగం తీస్తాడు, హార్మోనియం వెంటపడుతుంది, ఆ తీసే రాగం కోసమే జనం కూర్చుంటారు. ఇక్కడ మాట ఆగితే పాటా ఆగుతుంది.

"అయిపోయిందా?" అన్నారు అత్తయ్య.

"అయిపోయింది."

"అప్పుడేనా. ఇదెక్కడి పిసినిగొట్టు సంగీతమే."

పైగా ప్రతి అంకంలోనూ నాట్యాలు. రాజకుమారి ఏడుస్తుండగా నావికులు వస్తారు, నాట్యం. పూజారులు వస్తారు, నాట్యం. "అవతల కుర్రాణ్ణి సముద్రంలో తోస్తామంటుంటే ఇవతల ఈ చిందులేమిటి?" అన్నారావిడ.

ఇంకొక అనుమానం వచ్చింది నాకు. ఏ పాట విన్నా ముందు శ్రుతిపెట్టె తెరిచి సరిచూసుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. ప్రొఫెసర్‌గారు ఆ ఒపేరా స్వరాల పుస్తకం కూడా ఇచ్చారు. చూస్తే, అందులో రాసిన స్వరం కంటే రికార్డు ఒక మెట్టు కిందే పలుకుతోంది. ప్లేయర్ నెమ్మదిగా తిరుగుతోందని తేల్చేసి, సాయంత్రం మావారికి చెప్పాను. ఆయన ఆ మెషీన్‌ను పసిపిల్లలా చూసుకునే మనిషి. కోటు కూడా విప్పకుండా కిందికి దిగి, వేగం కొలిచే చుక్కల బిళ్ళ దాని మీద పెట్టి తిప్పారు. చుక్కలు కదలకుండా నిలబడ్డాయి.

"వేగం కరెక్ట్‌గా ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పాట నచ్చకపోతే మెషీన్ మీద పెడతావేం?" అన్నారు.

తర్వాత పెట్టెలోని చిన్న పుస్తకం చివరి పేజీలు చదివితే తెలిసింది. ఆ కాలంలో, ఆ ఒపేరా ఆడిన నగరంలో శ్రుతి అంతే ఉండేదట. ఇప్పటి శ్రుతికి ఎక్కించకుండా, పాడేవాళ్ళ గొంతు బిగుసుకోకుండా, వీళ్ళు పనిగట్టుకుని కిందే ఉంచారు. అది చదివాక వాళ్ళ మీద మొదటిసారి గౌరవం కలిగింది. ఎవరి శ్రుతి వాళ్ళది అని మా గురువుగారు కూడా అనేవారు. గౌరవం కలిగింది గానీ ఇష్టం మాత్రం ఇంకా కలగలేదు.

నేను రేడియోలో చదవడానికి రాసుకున్న మొదటి ప్రసంగం నిండా వెటకారమే. పిసినిగొట్టు పాటలు, పీటల మీద పెళ్ళి ఆగినా ఆగని నాట్యాలు అంటూ దంచేశాను. ప్రొఫెసర్‌గారు అది చదువుతూ రెండుచోట్ల గట్టిగా నవ్వారు. చదవడం అయ్యాక కాగితాలు నా ముందుకు తోశారు.

"చాలా సరదాగా ఉంది. ఇది విన్నాక నేను రికార్డు వినక్కర్లేదు. ఒకటి చెప్పండి, మీ ఊళ్ళో పాట బాగుందని ఎలా తెలుస్తుంది?"

నేను వన్స్‌మోర్ గురించి చెప్పాను. మా ఊళ్ళో పద్యం పండితే జనం వన్స్‌మోర్ అని అరుస్తారు, ఆ మాట ఇంగ్లీషే గానీ అరిచే గొంతులు మావి. అరిచాక నటుడు పాడి తీరాలి. కత్తిపోటు తిని, పద్యం పాడి, నేల మీద పడి చచ్చిపోయిన రాజు కూడా లేచి, బట్టలు దులుపుకుని, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోతాడు. ఒక్కోసారి ముచ్చటగా మూడోసారి కూడా చస్తాడు.

ప్రొఫెసర్‌గారు కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. నవ్వు ఆగాక అడిగారు.

"ఈ మూడు రికార్డుల్లో మీరు వన్స్‌మోర్ అనే చోటు ఒక్కటైనా ఉందా? ఉంటే దాని గురించి చెప్పండి. లేకపోతే లేదని చెప్పండి. నాకు అంతే చాలు."

ఇంటికొచ్చి మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. ఈసారి తప్పులు వెతకడం మానేసి వన్స్‌మోర్ వెతుకుతున్నాను. దొరకడం లేదు. రెండో రికార్డు సగంలో ఉండగా పైన పాలు పొంగుతున్నాయని వాసన వచ్చి మెట్లెక్కి పరిగెత్తాను. స్టవ్ ఆపి తిరిగి దిగేసరికి అత్తయ్య చేతిలో వత్తి అలాగే ఉంది, చెయ్యి కదలడం లేదు.

"ఇందాక ఆ పిల్ల ఏడ్చిందే, అది మళ్ళీ పెట్టు" అన్నారు.

నేను ముల్లు ఎత్తి వెనక్కి పెట్టాను. మూడో అంకం మొదట్లో, రాజకుమారి ఒంటరిగా ఒడ్డున నిలబడి పాడే పాట అది. రెండు ఫ్లూట్లు, కింద ఒక పెద్ద తీగల వాయిద్యం, అంతే. సముద్రమా, నువ్వు నెమ్మదించకు, నువ్వు నెమ్మదిస్తే ఓడ కదులుతుంది అని ఆవిడ వేడుకుంటుంది. నేను దాన్ని మొదటిసారి విన్నప్పుడు పుస్తకంలో అర్థం చూసుకుంటూ ఉండిపోయి, గొంతు వినలేదు. అత్తయ్యకు అర్థం చూసుకునే బాధ లేదు గనుక గొంతే విన్నారు.

ఇప్పుడు నేనూ విన్నాను. సముద్రం అనే మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆవిడ తిన్నగా స్వరం మీదికి రాదు. పై స్వరం మీద ఒక్క క్షణం ఆనుకుని, అక్కణ్ణుంచి కిందికి జారుతుంది. మా గురువుగారు ఈ జారు కోసం నా చేత ఒక వేసవంతా సాధన చేయించారు. ఆవిడ అది ఎంత తేలిగ్గా చేసిందంటే, పుస్తకంలో తలదూర్చి ఉంటే తెలియనే తెలియదు. చివరి మాటకు ముందు చిన్న ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది. ఆ ఊపిరి తర్వాత మాట సగం గొంతుతోనే వస్తుంది. మనవాళ్ళు మాట పూర్తయ్యాక ఏడుస్తారు. ఈవిడ మాటలోనే ఏడుస్తోంది. పిసినారితనం అనుకున్నదంతా నా చెవిలోదే. ఆవిడ పెట్టాల్సిందంతా పెట్టింది, నేను వడ్డన అయ్యాక విస్తరి ముందు కూర్చుని ఇంకా వడ్డించలేదేమని చూస్తున్నాను.

"రాగం తియ్యకుండానే పని కానిచ్చేసింది" అన్నారు అత్తయ్య. ఆవిడ నోటి వెంట అంతకు మించిన మెచ్చుకోలు నేను ఎన్నడూ వినలేదు.

ఆ ఒక్క పాట తలుపు తీసింది. తర్వాత మిగతాదంతా వేరేగా వినిపించింది. నాట్యాలు అడ్డం రావడం లేదు. ఏడుపు పాట వెంటనే నావికుల నాట్యం వస్తే, వాళ్ళకు తెలియదు కదా పాపం అనిపించింది. లోకం తన పాటికి తాను చిందులు వేస్తూనే ఉంటుంది, ఏడ్చేవాళ్ళు ఒక పక్కన నిలబడతారు. అది రాసినవాడికి తెలుసు. రాజకుమారి మొర విని సముద్రం నెమ్మదించదు, ఇంకా రెచ్చిపోతుంది. తుపాను మొదలవుతుంది. వయొలిన్లు ఉరకలేస్తుంటే ఉరుము వినిపించింది. అత్తయ్య కుర్చీలోంచి లేచారు.

"ఇది రేకు."

"ఏమిటత్తయ్యా?"

"ఉరుము కాదే, రేకు. మా షెడ్డులో ఒకడు జింకు రేకు వేలాడదీసి, కింద రెండు చేతులతో పట్టుకుని ఇలా ఊపేవాడు. నేను కన్నంలోంచి చూసేదాన్ని." దూదిపళ్ళెం కింద పెట్టి, రెండు చేతులూ చాచి ఊపి చూపించారు.

పుస్తకం తిరగేస్తే నిజమే. పాతకాలపు ఫ్రెంచి రంగస్థలం మీద వాడినట్టే పెద్ద రేకు ఊపి ఆ ఉరుము పుట్టించామని రాశారు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నాటకాల షెడ్డు వెనక వీధిలో పుట్టిన మనిషికీ ఆ ఫ్రెంచి రాజులకీ ఉరుము ఒకటే.

వెటకారం కాగితాలు చింపేసి కొత్తగా రాసుకున్నాను. రాసింది బాగానే వచ్చింది. ఇక మిగిలింది నా యాక్సెంట్. టీవీలో వార్తలు చదివే ఆవిడను చూసి సాధన మొదలుపెట్టాను. వేడి గారె నోట్లో పెట్టుకుని మాట్లాడినట్టు, ప్రతి మాటనూ నాలుక మీద తిప్పి వదిలేదాన్ని. "ఎవరితో మాట్లాడుతున్నావ్?" అని మావారు పై నుంచి అడిగేవారు. నాకు ఆ గంట కావాలి. దానికోసం గారె ఏమిటి, నిప్పు పెట్టుకోమన్నా పెట్టుకునేదాన్ని.

ఆదివారం మంచు కురుస్తోంది. రేడియోలో ఎవరికీ కనిపించనని తెలిసినా పట్టుచీర కట్టుకుని, మీద పెద్ద కోటు వేసుకున్నాను. మావారు వంటింటి రేడియోకు తీగ ఒకటి తగిలించి కిటికీ కడ్డీకి చుట్టి, స్టేషన్ కుదిర్చి, "అమ్మా, ఈ నాబ్ మాత్రం ముట్టుకోకు" అని చెప్పి, నన్ను కారులో తీసుకెళ్ళారు. అత్తయ్య అప్పటికే స్టూలు రేడియో దగ్గరికి జరుపుకున్నారు.

స్టూడియో చిన్న గది. నా ముందు మైకు, పక్కన రెండు రికార్డ్ ప్లేయర్లు. అద్దం అవతల ఆ అమ్మాయి, ఆమె పక్కన ఫోను. ఎర్రదీపం వెలిగింది. నేను గారె నోట్లో పెట్టుకున్నాను. నమస్కారం చెప్పడం దగ్గర్నుంచి కుర్రాడి పాట, నావికుల నాట్యం, శ్రుతి కిందికి ఎందుకుంచారు, అన్నీ టీవీ ఆవిడలాగే చెప్పుకొచ్చాను. ఫోను మోగలేదు. అద్దం అవతల నుంచి ఆ అమ్మాయి బొటనవేలు ఎత్తి చూపించింది. గండం గడుస్తోందని అనుకున్నాను.

అప్పుడు ఏడుపు పాట పెట్టాను. చెవులకు స్టేషన్ వాళ్ళ హెడ్‌ఫోన్లు ఉన్నాయి. ఇంట్లో వినిపించనివి కూడా వినిపిస్తున్నాయి. ఫ్లూటు వాయించేవాడి వేళ్ళు రంధ్రాలు మూసే చప్పుడు, ఆవిడ పెదవులు విడిపోయే చప్పుడు. చివరి మాటకు ముందు ఆ ఊపిరి నా చెవి పక్కనే తీసుకున్నట్టుంది. పాట అయిపోయింది. ఇప్పుడు నేను మాట్లాడాలి. కాగితం చేతిలోనే ఉంది. కానీ ఆ పాట మీద వెంటనే ఏ మాట వేసినా అపచారం అనిపించింది. నా చెయ్యి దానంతటది వెళ్ళి, ముల్లు ఎత్తి, మళ్ళీ మొదట్లో పెట్టింది.

ఫ్లూట్లు రెండోసారి అందుకోగానే అద్దం అవతల ఆ అమ్మాయి లేచి నిలబడింది. ఫోను దీపం వెలిగింది. అది ఆరకముందే ఇంకోటి వెలిగింది. ఆమె తలుపు తీసుకుని లోపలికి వచ్చింది.

"రికార్డ్ స్టక్ అయిందా? కాల్స్ వస్తున్నాయి."

"లేదు. నేనే పెట్టాను."

"ఎందుకు? అలా రిపీట్ చేయకూడదు. తీసేయండి, ప్లీజ్."

"అయిపోనివ్వు" అన్నాను.

ఆ పిల్ల వాచీ వంక చూసింది, నా వంక చూసింది, గోడకు ఆనుకుని నిలబడింది. కంప్లెయింట్లు వస్తే సారీ అన్న మాట ఇద్దరికీ గుర్తుంది. ఆ గంట నా చేతుల్లోంచి జారిపోతోందని నాకు తెలుసు. తెలిసి కూడా, ఆ పాట నడుస్తున్నంతసేపూ, నాకు ఏ దిగులూ లేదు. ఆ గదిలో ఇద్దరం కదలకుండా నిలబడి సంగీతం వింటున్నాం.

పాట అయ్యాక మైకు తెరిచాను. కాగితంలో ఉన్నది ఇప్పుడు పనికిరాదు. గారె ఎప్పుడు మింగేశానో గుర్తులేదు. నాకొచ్చిన ఇంగ్లీషులో, తెనాలి ఇంగ్లీషులో చెప్పాను. మీ రేడియో చెడిపోలేదు, రికార్డు ఇరుక్కోలేదు, మా ఊళ్ళో పాట బాగుంటే ఇలాగే చేస్తాం. చచ్చిన రాజు లేచి పాడే సంగతి చెప్పాను. మాట అయ్యాక ఏడవడానికీ, మాటలో ఏడవడానికీ తేడా చెప్పాను. జారు అంటే ఏమిటో మాటల్లో చెప్పడం చేతకాక, పాడి చూపించాను. అది నేను ముందు అనుకున్నది కాదు. ఆ తర్వాత రికార్డులో లోపాలు కూడా దాచలేదు. తుపాను మధ్యలో రికార్డు అయిపోయి, లేచి తిరగేసేలోపు సముద్రం చల్లారిపోతుందని చెప్పాను. సముద్ర దేవుడి గొంతు ఎక్కడ ఎక్కువసేపు నిలపాలో అక్కడే వణుకుతుందని చెప్పాను. మొదట్లో దేవతల స్తుతి కత్తిరించేశారు, ప్రార్థనాగీతం అంటే అందరికీ లోకువే అన్నాను. ఇన్ని లోపాలున్నా, ఆ ఒక్క పాట కోసం, ఆ రేకు ఉరుము కోసం ఈ పెట్టె ఇంట్లో ఉండవలసిందే అన్నాను. రేకు సంగతి కనిపెట్టింది మా అత్తగారని కూడా చెప్పాను.

ఎర్రదీపం ఆరింది. ఆ అమ్మాయి ఫోన్లన్నీ ఎత్తి, మాట్లాడి, లోపలికి వచ్చింది. ముందు ఫోన్ చేసినవాళ్ళలో కొందరు రికార్డు ఇరుక్కుందని చెప్పడానికి చేశారట. ఒకాయన నా మాట ఒక్క ముక్క అర్థం కాలేదన్నాడట. ఆ రికార్డు ఎక్కడ దొరుకుతుందని అడిగినవాళ్ళు ఉన్నారట. ఒక ముసలావిడ మాత్రం, రాజు మూడోసారి కూడా చస్తాడన్నారు కదా, మరి ఆ పాట మూడోసారి ఎప్పుడు పెడతారు అని అడిగిందట. ఇదంతా చెప్పి ఆ పిల్ల హెడ్‌ఫోన్ల తీగ చుట్టి కొక్కేనికి తగిలించింది.

"నెక్స్ట్ టైమ్ రిపీట్ చేసే ముందు నాకు చెప్పండి. నేను ఫోన్ దగ్గర రెడీగా ఉంటాను" అంది.

నెక్స్ట్ టైమ్ అన్న ఆ రెండు మాటలు పట్టుకుని ఇల్లు చేరాను. దారిలో మావారు ఏదో చెబుతూనే ఉన్నారు, నేను ఊ కొట్టానే గానీ వినలేదు. ఆ గంట ఎనభైల మధ్య దాకా, మేము ఆ ఊరు వదిలేదాకా నాతోనే ఉంది. ఎన్నో రికార్డుల గురించి చెప్పాను. వన్స్‌మోర్ పడినవి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇంట్లో అడుగుపెట్టేసరికి అత్తయ్య వంటింట్లో అదే స్టూలు మీద ఉన్నారు. రేడియోలో ఇంకేదో ప్రోగ్రాం వస్తోంది. నాబ్ ముట్టుకోవద్దన్నారు గనుక ముట్టుకోలేదు.

"విన్నారా అత్తయ్యా?" అని కోటు విప్పుతూ అడిగాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"విన్నాను. మొదట ఎవరో తెల్లావిడ చాలాసేపు మాట్లాడింది. మనమ్మాయి వంతు ఎప్పుడొస్తుందా అని కూర్చున్నా. ఇంతలో ఆ ఏడుపు పాట వచ్చింది. అయిపోయిందనుకుంటే మళ్ళీ పెట్టారు. అప్పుడు తెలిసింది, నువ్వు వచ్చావని. ఆ తర్వాత నువ్వే మాట్లాడావు. మధ్యలో పాడావు కూడా." ఆవిడ లేచి, నా భుజం మీది మంచు చేత్తో దులిపారు. "ఇంతకీ ఆ మొదట మాట్లాడినావిడ ఎవరే?"

"ఆవిడ ఇంక రాదు అత్తయ్యా" అన్నాను.